పార్కు రేడియోలో అత్తమ్మ

మొన్న అఫ్జల్‌గంజ్‌లో ఎండుమిరపకాయలు కొనడానికి జల్‌పల్లి నుంచి బస్సులో వెళ్లాను. మా కాలనీలోనూ కారం దొరుకుతుంది. కాయ చూసి, విరిచి, ముక్కు దగ్గర పెట్టుకుని కొంటే తప్ప నాకు తృప్తి ఉండదు. మనవరాలు తోడు వచ్చింది. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలు, తోపుడుబండ్లు, బస్సులు ఒకదానికొకటి అడ్డం పడి రోడ్డంతా బిగుసుకుపోయింది. కాసేపు నిలబడ్డాక నా మోకాళ్లు మొరాయించాయి.

"అమ్మమ్మా, గీ పార్కుల జర కూసుందాం దా. ట్రాఫిక్ తగ్గినంక పోదాం" అని పిల్ల నన్ను పక్కనున్న గేటులోంచి లోపలికి నడిపించింది.

లోపలికి పోయాక హారన్ల మోత వెనకబడింది. గేటు కొత్తది, బెంచీలు కొత్తవి, నడిచే దారికి కొత్త రాళ్లు పరిచారు. అందుకే ఎక్కడికి వచ్చానో నాకు వెంటనే తెలియలేదు. వేపచెట్ల అవతల గుండ్రంగా కట్టిన చిన్న ఇటుకల గది కనిపించాక తెలిసింది. తలుపు తీసి ఉంది. లోపల నీళ్ల పైపులు, చీపుర్లు, ఎరువు సంచులు ఉన్నాయి.

"గిదేంది, గిట్ల గుండ్రంగ కట్టిన్రు?" అని మనవరాలు అడిగింది.

"రేడియో గది. అప్పట్ల పార్కుకంతా ఒక్కటే రేడియో."

"అందరు ఒక్కదాన్నే వినేటోళ్లా?" అని అది నా ముఖంలోకి చూసింది. నేను నవ్వులాటకు అంటున్నానేమో అనుకుంది.

రోడ్డు తెరుచుకునేదాకా ఆ బెంచీ మీద కూర్చుని దానికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను. అప్పుడు చెప్పడం మరిచిపోయినవి కూడా కలుపుతున్నాను.

అప్పట్లో మా ఇల్లు పార్కుకు దగ్గరి గల్లీలోనే ఉండేది. ఆ గల్లీకి పూటకో వాసన. తెల్లారగానే మూలమీది బేకరీ నుంచి కాలుతున్న రొట్టె వాసన, మధ్యాహ్నం అత్తరు దుకాణం తలుపు తెరిస్తే గులాబీలూ వట్టివేళ్లూ, పొద్దుగూకే వేళకు ప్రతి ఇంట్లోనూ నీళ్ల కాగు కింద రాజేసిన కట్టెల పొగ. కళ్లు మూసుకుని నడిచినా వేళ ఎంతైందో చెప్పవచ్చు.

మా తాత దఫ్తర్‌లో కొలువు చేసి పింఛను పుచ్చుకున్న మనిషి. చదువంతా ఉర్దూలో సాగింది. పేపరు ఉర్దూలో చదివేవాడు, కోపం వచ్చినా ఉర్దూలోనే వచ్చేది. తెలుగు ఆయనకు ఇంటి మాట. సాయంత్రం కాగానే ముఖం కడుక్కుని, షేర్వానీ గుండీలు మెడదాకా పెట్టుకుని, నల్ల టోపీ సర్దుకుని, గొడుగు పట్టుకుని పార్కుకు బయలుదేరేవాడు. వాన ఉన్నా లేకున్నా గొడుగు ఉండాల్సిందే. రెండో చేతి చూపుడువేలు నాది. నాయినకు కంచన్‌బాగ్‌లో ఫ్యాక్టరీ షిఫ్టు డ్యూటీ, అమ్మ చేతిలో చంటి తమ్ముడు. అందువల్ల నేను తాతకూ అత్తమ్మకూ మిగిలాను.

పార్కులో మాలీ అప్పుడే తోలుసంచితో నీళ్లు చల్లి ఉండేవాడు. తడిసిన మట్టి వాసన, కత్తిరించిన గోరింటాకు కంచె వాసన కలిసి వచ్చేవి. ఫౌంటెన్ పనిచేసేది కాదు కానీ అందులో కప్పలుండేవి. తాత నేరుగా రేడియో గది ఎదురుగా ఉన్న బెంచీ దగ్గరికి పోయేవాడు. అక్కడ ఆయన దోస్తు, రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన పెద్దమనిషి, ముందే వచ్చి కూర్చునేవాడు. అందరూ ఆయనను గార్డు సాబ్ అనేవారు. ఆదివారం పొద్దున చర్చికి, రోజూ సాయంత్రం పార్కుకు. ఈ రెండింటికీ ఆయన ఆలస్యం చేయగా ఎవరూ చూడలేదు. రేడియో మొదలు కాగానే జేబులోంచి గొలుసు గడియారం తీసి చూసుకునేవాడు. రేడియో సరైన వేళకు బయలుదేరిందో లేదో చూస్తున్నట్టుండేది.

చౌకీదారు తాళం తీసి లోపలికి పోయేవాడు. కొంతసేపు ఏమీ వినిపించేది కాదు. "బల్బులు గరమ్ కావాలె" అనేవాడు తాత. తర్వాత గది మీదున్న లౌడ్‌స్పీకర్ల ఇనుప గొట్టాలు ముందు దగ్గి, గురకపెట్టి, ఆ తర్వాత మాట్లాడేవి. బెంచీల మీదివాళ్లు, గడ్డి మీదివాళ్లు, పల్లీల బండి పక్కన నిలబడ్డవాళ్లు అందరూ ఒకేసారి మౌనం అయ్యేవాళ్లు.

ఆ గదిలో మనుషులు ఎట్లా పడతారన్నది నాకు అంతుపట్టేది కాదు. ఖబర్లు, అంటే వార్తలు చదివే ఆయన, పాటలు పాడే ఆవిడ, వాయించేవాళ్లు, వాళ్ల తబలాలు, హార్మోనియం పెట్టెలు. చౌకీదారు తలుపు తీసినప్పుడల్లా మెడ చాచి చూసేదాన్ని. బల్ల మీద ఒక పెట్టె తప్ప ఏమీ కనిపించేది కాదు. వాళ్లు ఎప్పుడూ బయటికి రావడమూ లేదు, తినడమూ లేదు. ఖబర్లాయన గొంతు కొన్నిరోజులు మరీ నీరసంగా ఉండేది. నాకు జాలేసింది. తాత నాకు కొనిపెట్టిన బటానీల్లో సగం తిని, మిగతా సగం ఆ గది జాలీలోంచి లోపలికి జారవిడిచేదాన్ని. కొన్నాళ్లకు లోపల చీమలు పుట్టలు పెట్టాయి.

"అందర్ బటానే కౌన్ డాల్ రహా హై?" అని చౌకీదారు అందరినీ నిలదీశాడు. నా పిడికిలి మూసి ఉండటం గార్డు సాబ్ చూశాడు.

"ఎందుకేసినవు బిడ్డా?"

"ఖబర్లు చదివే ఆయన అన్నం తింటలేడు కద" అన్నాను.

అందరూ నవ్వారు. తాత మాత్రం నవ్వలేదు. తిరిగి ఇంటికి నడుస్తుంటే నెమ్మదిగా చెప్పాడు. "లోపల మనుషులు ఉండరు బిడ్డా. వాళ్లు వేరే దిక్కు ఉంటరు. మాట ఒక్కటే ఇక్కడికొస్తది."

"మనిషి రాకుండ మాట ఎట్లొస్తది?"

తాత గొడుగు నేలకు ఆనించాడు. "నాకు తెల్వదు. రోజూ వింట గని, తెల్వదు" అన్నాడు.

అత్తమ్మ నాయినకు చెల్లెలు. ఆమెను ఊరవతల ఒక పల్లెకు ఇచ్చారు. సంబంధం తాతే చూశాడు. పెళ్లయిన కొద్దికాలానికే మామయ్య జ్వరంతో పోయాడు. మాకు కబురు ఆలస్యంగా వచ్చింది. తాత వెళ్లేసరికి అంతా అయిపోయింది. సమయానికి కబురు పంపలేదని అక్కడ తాత పెద్దపెద్ద మాటలు అన్నాడట, అత్తమ్మను అప్పటికప్పుడు బండెక్కించి తీసుకొచ్చాడట. ఆ తర్వాత ఆ ఊరి పేరు గానీ, ఆ ఇంటి పేరు గానీ మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. అక్కడ ఎవరున్నారో, ఎట్లున్నారో తాత అడగలేదు, అత్తమ్మ చెప్పలేదు.

అత్తమ్మ గొంతు బాగుండేది. నాకు తలంటు పోసేటప్పుడు, పిండి విసిరేటప్పుడు పాడేది. ఒకసారి వాకిట్లోకి వచ్చిన బంధువు ఒకాయన విని, "ఇంట్ల పాటలు మస్తు నడుస్తున్నయి" అని పోయాడు. ఆయన మామూలుగా అన్నాడో, వెక్కిరించాడో నాకిప్పటికీ తెలియదు. తాత ఆ పూట అన్నం ముందు కూర్చుని, అత్తమ్మతో "ఇంట్ల పాటలొద్దు బిడ్డా" అన్నాడు. అంతే. మళ్లీ చెప్పాల్సిన అవసరం రాలేదు. విసుర్రాయి తిరుగుతూనే ఉండేది, పాట మాత్రం ఆగిపోయింది. నాయినమ్మ ఆ రోజునుంచి తాతతో అవసరమైన మాటలే మాట్లాడేది.

వారంలో ఒక మధ్యాహ్నం పార్కులో ఆడవాళ్లకే ప్రవేశం. గోరింటాకు కంచె అవతలి భాగానికి గుడ్డ తెరలు కట్టేవారు. గేటు దగ్గర చౌకీదారు కూడా వీపు తిప్పి కూర్చునేవాడు. ఆ రోజు మా గల్లీ అత్తర్లూ, వంటలూ అన్నీ పార్కుకు తరలివచ్చేవి. బురఖాలు తీసి కొమ్మలకు తగిలించేవారు. చెట్లన్నీ నల్లపూలు పూసినట్టుండేవి. ఎవరో చుడువా తెచ్చేవారు, ఎవరో ఉప్పుకారం అద్దిన మామిడికాయ ముక్కలు, ఎవరో పాలలో నానబెట్టిన డబల్‌రొట్టె మిఠాయి. ఇళ్లలో గుసగుసగా మాట్లాడేవాళ్లు కూడా అక్కడ పెద్దగా నవ్వేవాళ్లు. అత్తమ్మ నన్ను ఉయ్యాలలో కూర్చోబెట్టి ఊపుతూ, చుట్టూ ఎవరూ పట్టించుకోవడం లేదని తెలిశాక, పాట ఎత్తుకునేది.

ఎప్పుడూ అదే పాట. కొత్త కోడలు బావి దగ్గర బిందె మరిచి ఇంటికొస్తుంది. తిరిగిపోయి చూస్తే బిందె ఎవరో నింపి ఉంచుతారు. నింపింది ఎవరో అని చెట్టునూ, చిలుకనూ, మేకలు కాసేవాణ్ణీ అడుగుతూ పోతుంది. నాకు ఆ పాట ఎంత విన్నా తనివి తీరేది కాదు. నింపిందెవరో నేనూ ప్రతిసారీ కొత్తగా ఆలోచించేదాన్ని.

ఒకరోజు ఉయ్యాల పక్కన చెట్టు కింద కూర్చుని ఊలు అల్లుకుంటున్న పెద్దావిడ సూదులు ఆపి తలెత్తింది. ఆడపిల్లల బడిలో పాఠాలు చెప్పేది. అందరూ ఆమెను ఉస్తానీ అనేవారు.

"ఫిర్ సే గావ్ బేటా" అని మళ్లీ పాడమంది.

అత్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "పిల్ల కోసం ఏదో అన్న అమ్మీ. నాకు సరిగ రాదు."

"ఝూట్ నక్కో, అబద్దాలు చెప్పకు. రానోళ్లు ఎట్ల పాడ్తరో నాకు ఎరుకే. రోజు బళ్లె వింట" అని ఉస్తానీ నవ్వి, పక్కన చోటు చూపించింది. అత్తమ్మ కూర్చుని మళ్లీ పాడింది. ఉస్తానీకి అందులో సగం మాటలు అర్థమయ్యేవి కావు. అయినా పూర్తయ్యేదాకా ఊలు ముట్టలేదు.

ఉస్తానీకి తెలిసినామె ఒకరు రేడియో స్టేషన్లో పనిచేసేది. పల్లె పాటలు పాడేవాళ్లు కావాలని ఆమె అడుగుతోందట. "నా వెంట రా. ఒక్కసారి వింటరు, గంతే" అంది ఉస్తానీ.

"మా బాపు ఒప్పుకోడు."

"పూఛే క్యా, అడిగినవా?"

"లేదు."

"తో కైసా మాలూమ్, మరెట్ల ఎరుక?"

అత్తమ్మ లేచి మళ్లీ ఉయ్యాల ఊపడం మొదలుపెట్టింది. నేను మాత్రం ఇంటికి పోగానే బియ్యంలో రాళ్లు ఏరుతున్న నాయినమ్మ దగ్గర కూర్చుని అంతా చెప్పేశాను. నాయినమ్మ చాట కింద పెట్టింది. "ఏ దిక్కున్నదట ఆ రేడియో ఇల్లు?" అని అడిగింది. ఆ వారంలోనే ఆమెకు కళ్లు మసకబారాయి. కండ్ల దవాఖానకు పోవాలని, తోడు బిడ్డా మనవరాలూ కావాలని తాతకు చెప్పింది. ఆ కళ్లు అప్పటికీ సూదిలో దారం ఎక్కించే కళ్లు.

మేమూ ఉస్తానీ కలిసి రిక్షాల్లో స్టేషన్‌కు పోయాం. నాకైతే అత్తమ్మ పాట కంటే ఖబర్లాయన మీదే ధ్యాస. లోపల గోడలకు చిన్నచిన్న రంధ్రాలు, కింద మెత్తటి జంపఖానా. చెవుల్లో దూది పెట్టుకున్నట్టు ఎక్కడి శబ్దం అక్కడే ఆగిపోతోంది. ఒక అద్దం అవతల బక్కపలచని మనిషి కాగితం చూసి చదువుతున్నాడు. మాట వినపడటం లేదు, పెదవులే కదులుతున్నాయి. చదవడం అయ్యాక బయటికి వచ్చి, డబ్బా మూత తీసి చపాతీ తిన్నాడు. నాకు మనసు కుదుటపడింది.

అత్తమ్మను ఒక గదిలో నిలబెట్టారు. ఆమె పాట మొదలుపెట్టింది, ఆగింది, మళ్లీ మొదలుపెట్టింది. ఆ స్టేషన్ ఆవిడ విసుక్కోలేదు. "రోజూ ఎవరికి పాడతారమ్మా?" అని అడిగింది. అత్తమ్మ నన్ను చూపింది. నన్ను లోపలికి తీసుకుపోయి అత్తమ్మ ఎదురుగా నిలబెట్టి, దగ్గకూడదని, కదలకూడదని చెప్పారు. అత్తమ్మ నా కళ్లలోకి చూస్తూ పాట మొత్తం పాడింది. నేను ఊపిరి బిగపట్టుకున్నాను. తర్వాత ఒక చక్రం తిప్పి ఆ పాటను ఆమెకే వినిపించారు. అత్తమ్మ గోడకు ఆనుకుని, "నా గొంతు గిట్లుంటదా" అంది. తన గొంతును తాను ఎన్నడూ వినలేదు మరి.

పాట ఆడవాళ్ల కార్యక్రమంలో మధ్యాహ్నం వస్తుందని మేమందరం అనుకున్నాం. ఆ వేళకు తాత ఇంట్లో నిద్రపోతాడు, మా ఇంట్లో రేడియో లేదు. ఎవరికీ ఫికర్ లేదు. కానీ ఉస్తానీ పార్కులో కలిసినప్పుడు సంతోషంగా వేరే మాట చెప్పింది. పాట వచ్చే ఆదివారం సాయంత్రం, ఉర్దూ ఖబర్లకు కాస్త ముందు వస్తుందట.

అది తాత గొట్టాల కింద కూర్చునే వేళ.

ఆ ఆదివారం నాయినమ్మ తాతకు ఇష్టమని సర్వపిండి చేసింది. వేడివేడిగా పెట్టి, "ఇయ్యాల పోకుంటేంది, మబ్బు పట్టింది" అంది. ఆయన వద్దనకుండా తిని, చేతులు కడుక్కుని, షేర్వానీ తొడుక్కున్నాడు. అత్తమ్మ గొడుగు పట్టుకుని గడప దగ్గర నిలబడింది. చెప్పేస్తుందని నాకు అనిపించింది.

"బాపు."

"ఏంది బిడ్డా?"

ఆమె పెదవులు కదిలాయి. అద్దం అవతలి మనిషి పెదవుల లాగే మాట మాత్రం వినపడలేదు. "వానొస్తదేమో" అని గొడుగు చేతికిచ్చింది. తాత వెళ్లాక నా భుజం పట్టుకుని, "నువ్వు పో తాతతోని. ఏమన్న అయితే ఉరికొచ్చి చెప్పు" అంది.

పార్కులో ఆ రోజు జనం బాగానే ఉన్నారు. గొట్టాలు దగ్గాయి, గురకపెట్టాయి. గార్డు సాబ్ గడియారం తీసి చూసుకున్నాడు. ఎవరో పొలాల గురించి మాట్లాడాక, ఒక ఆడగొంతు ఇప్పుడు పల్లె పాట అని, అత్తమ్మ పేరు చెప్పింది. పేరు ముందు మెట్టినింటి పేరు కూడా చెప్పింది. మా ఇంట్లో ఎవరూ పలకని ఆ పేరు పార్కంతా వినిపించింది. తాత ఇటూ అటూ చూడలేదు. నేను వేలు పట్టుకున్న ఆయన చేయి మాత్రం బిగుసుకుంది.

పాట మొదలైంది. ఉయ్యాల దగ్గర నా చెవిలో పాడే పాట ఇప్పుడు వేపచెట్ల మీదుగా వస్తోంది. బిందె మరిచింది, తిరిగిపోయింది, చెట్టును అడిగింది. అప్పుడు గడ్డి మీద కూర్చున్న పడుచువాళ్లలో ఒకడు కేకేశాడు. "చౌకీదార్ భాయ్, యే గావ్ కా గానా క్యా లగాయే, ఫిల్మీ లగావ్ నా." సినిమా పాట పెట్టమని ఇంకో ఇద్దరు ముగ్గురు వంత పాడారు. చౌకీదారు లోపలికి పోయి ఏదో తిప్పాడు. అత్తమ్మ గొంతు కీచుమని తెగిపోయింది.

తాత లేచి నిలబడ్డాడు. పార్కులో ఆయన గొంతు పెంచడం నేను ఎన్నడూ చూడలేదు, అప్పుడూ పెంచలేదు. గది తలుపు దాకా నడిచిపోయి, "వాపస్ లగావ్ భాయ్" అన్నాడు. చౌకీదారు తలెత్తి చూశాడు. "మేరీ బేటీ గా రహీ హై" అన్నాడు తాత. తర్వాత అందరి వైపు తిరిగి, అక్కడ ఎవరికి ఏ భాష వస్తుందో అన్నట్టు తెలుగులో కూడా చెప్పాడు. "నా బిడ్డ పాడుతున్నది."

చౌకీదారు గబగబా తిప్పాడు. గురగురల మధ్య వెతికి వెతికి మళ్లీ అత్తమ్మను పట్టుకున్నాడు. చిలుకను అడగడం అయిపోయింది, మేకలు కాసేవాణ్ణి అడుగుతోంది. కేకేసిన పడుచువాడు టోపీ తీసి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. తాత తలుపు దగ్గరే నిలబడి పాట పూర్తయ్యేదాకా విన్నాడు. ఖబర్లు మొదలయ్యాయి, ఆయన ఆగలేదు. నేను చూస్తుండగా ఆయన ఖబర్లు వదిలేసి నడవడం అదే మొదలు.

దారిలో, "నీకెరుకనా?" అని అడిగాడు.

"ఎరుకే."

"మీ నాయినమ్మకు?"

"నాయినమ్మనే తీస్కపోయింది. కండ్ల దవాఖాన అని."

తాత నోట్లోంచి ఒక శబ్దం వచ్చింది. అది నవ్వో దగ్గో నాకు తెలియలేదు.

ఇంట్లో అత్తమ్మ తలుపు వెనక నిలబడి ఉంది. ఉరికొచ్చి చెప్పమంది కానీ చెప్పడానికి నాకు వీలు కాలేదు, తాతతో పాటే వచ్చాను. ఆయన టోపీ మేకుకు తగిలించి, చెక్క తఖ్తు మీద కూర్చున్నాడు. నాయినమ్మ వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఆ రోజు మాట పడితే పడనీ అన్నట్టు నడుముకు కొంగు బిగించి ఉంది.

"ఆ పాట నీకు ఎవలు నేర్పిన్రు?" అన్నాడు తాత.

"మా అత్త."

కాగు కింద కట్టె చిటపటమనడం వినిపించింది. "ఎట్లుంటదామె?" అన్నాడు. అంతకాలానికి ఆ ఇంటి గురించి ఆయన అడిగిన మొదటి మాట అది.

అత్తమ్మ తలుపు వెనకనుంచే చెప్పడం మొదలుపెట్టింది. అత్త కోపం వచ్చినా పాడుతూనే తిడుతుందని, చల్ల చేసేటప్పుడు తనను పక్కన కూర్చోబెట్టుకుని ఆ పాట నేర్పిందని చెప్పింది. చెబుతూ చెబుతూ ముందుకొచ్చి తఖ్తు పక్కన నేల మీద కూర్చుంది. మామయ్యకు జ్వరం తగిలిన రోజునే అత్త మనిషిని మా ఇంటికి పంపిందట. ఊరి వాగు పొంగి అతను దాటలేక తిరిగొచ్చాడట. మర్నాడు మళ్లీ పంపిందట, మళ్లీ తిరిగొచ్చాడట.

"నాకెవరు చెప్పలె" అన్నాడు తాత.

"నువ్వు అడగలె బాపు" అంది అత్తమ్మ. నిష్ఠూరంగా అనలేదు, ఉన్నమాట ఉన్నట్టు చెప్పింది.

తాత షేర్వానీ గుండీలు విప్పుకోవడం కూడా మరిచిపోయాడు. చివరికి నాయినమ్మే వచ్చి ఆ గుండీలు ఒక్కొక్కటే తీసింది. వాళ్లిద్దరి మధ్య ఎన్నాళ్లనుంచో ఆగిన మాటలు ఆ రాత్రి అన్నం దగ్గర మొదలయ్యాయి. "కండ్లు ఎట్లున్నయి?" అని తాత అడిగితే, "మంచిగ కనిపిస్తున్నయి" అంది నాయినమ్మ.

కొన్నాళ్లకు ఉస్తానీ ఇంకో కబురు తెచ్చింది. పాట విన్నవాళ్లు మళ్లీ కావాలని అడిగారట, ఫలానా సాయంత్రం ఇంకోసారి వేస్తారట. ఆ రోజు తాత తెల్లారకముందే గొడుగు తీసుకుని బయలుదేరాడు. ఎక్కడికో ఎవరికీ చెప్పలేదు. మధ్యాహ్నం అన్నం వేళ దాటాక గల్లీలో రిక్షా ఆగింది. తాత ముందు దిగి, చేయి అందించాడు. చేతికి వెండి కడియాలున్న ఒక సన్నటి ముసలామె మెల్లగా కాలు కింద పెట్టింది. వాకిట్లో బట్టలు ఆరేస్తున్న అత్తమ్మ చేతిలోని తడి చీర అక్కడే వదిలేసి, "అత్తా" అంటూ ఆమె దగ్గరికి పరుగెత్తింది. వాళ్లిద్దరూ ఏడ్చారు. తాత అక్కడ నిలబడలేక నాకు బటానీలు కొనిస్తానని బేకరీ వైపు తీసుకుపోయాడు. బేకరీలో బటానీలు దొరకవు.

సాయంత్రం మేమంతా పార్కుకు పోయాం. నాయినమ్మ మోకాళ్లు పట్టుకుని మరీ వచ్చింది. గుడ్డ తెరలు లేని రోజు అత్తమ్మ పార్కులోకి రావడం అదే మొదటిసారి. గార్డు సాబ్ లేచి నిలబడి బెంచీ ఖాళీ చేశాడు. ముసలామె ఇనుప గొట్టాలను, గుండ్రటి గదిని విచిత్రంగా చూసింది.

"లోపల మనుషులు ఉండరు. వాళ్లు వేరే దిక్కు ఉంటరు. మాట ఒక్కటే ఇక్కడికొస్తది" అని నేను పెద్దదానిలా చెప్పాను.

"గట్లనా" అందామె. తర్వాత పక్కనున్న అత్తమ్మను చూపి, "మరి పాడేటామె ఈడనే ఉన్నది కద" అంది.

పాట వస్తున్నంతసేపూ నేను అత్తమ్మ మూసుకున్న నోటిని, పైన గొట్టాన్ని మార్చి మార్చి చూశాను. ముసలామె కదలకుండా విన్నది. ఆమె కడియాల చేయి మాత్రం చల్ల చిలుకుతున్నట్టు ఒళ్లో అటూ ఇటూ ఆడింది. పాట అయిపోయింది. ఆమె తాత వైపు తిరిగింది.

"మల్లొక్కసారి పాడమను."

"అది మల్ల పాడదు వదినె. అయిపోయింది."

"గట్లెట్ల అయితది" అని ఆమె గొట్టం వైపే చూస్తూ కూర్చుంది.

ఖబర్లకు ముందు వచ్చే గంట మోగింది. ఆ గంట వింటే తాత నడుము నిటారు చేసుకుని కూర్చునేవాడు. ఈసారి లేచి చౌకీదారుకు చేయి ఊపాడు. "జర బంద్ కరో భాయ్." చౌకీదారు వినలేదేమోనని ఇంకోసారి చెప్పాడు. గొట్టాలు మూగబోయాయి. పార్కు అంతా ఏమైందోనని ఇటు తిరిగింది. తాత బెంచీ దగ్గరికి వచ్చాడు.

"పాడు బిడ్డా" అన్నాడు.

అత్తమ్మ చుట్టూ చూసింది. మగవాళ్లు, ముసలివాళ్లు, పల్లీల బండివాడు, ఆ రోజు కేకేసిన పడుచువాళ్లు. తర్వాత తన అత్త ముఖం ఒక్కటే చూస్తూ మొదలుపెట్టింది. గొట్టంలో వచ్చినంత పెద్దగా లేదు, పక్క బెంచీల దాకా వినిపించింది. దూరంగా ఉన్నవాళ్లు లేచి దగ్గరికి వచ్చారు. రెండో చరణంలో ముసలామె గొంతు కలిపింది. అరిగిపోయిన గొంతు, అక్కడక్కడా తెగుతోంది. తెగినచోట అత్తమ్మ ఆగి, ఆమె అందుకున్నాక ముందుకు పోయేది. తాత గొడుగు మీద రెండు చేతులూ పెట్టుకుని, కళ్లు మూసుకుని విన్నాడు.

ఆ తర్వాత మా ఇంట్లో పాడమని ఎవరూ అనలేదు, వద్దని కూడా ఎవరూ అనలేదు. విసుర్రాయి దగ్గర పాట మళ్లీ వచ్చి చేరింది. ఉస్తానీ బడిలో ఆడపిల్లలకు పాటలు నేర్పే పని అత్తమ్మకు దొరికింది. అప్పుడప్పుడు రేడియోలోనూ పాడేది. ముసలామె ప్రతి ఏడూ పంట చేతికొచ్చాక జొన్నలు, పల్లీలు మూటగట్టుకుని వచ్చేది. కొద్దిరోజులుండి, మా గల్లీలో మనుషులు పాడరేంది అని విసుక్కుంటూ తిరిగిపోయేది. తర్వాత ఇంటింటికీ చిన్న రేడియోలు వచ్చాయి. గార్డు సాబ్ పోయాడు, ఆ వెనకే తాత పోయాడు. ఎవరి పాట వాళ్ల ఇంట్లో వినడం అలవాటైంది. నలుగురూ ఒకచోట కూర్చుని ఒకే మాట కోసం మౌనంగా ఉండటం ఎట్లా ఉంటుందో తెలిసినవాళ్లు తగ్గిపోయారు.

నాకు ఆ వయసులో రేడియోలోకి మాట ఎట్లా వస్తుందన్నదే పెద్ద వింత. పెద్దయ్యాక అది బళ్లో చదువుకున్నాను, తెలిసిపోయింది. తెలియకుండా మిగిలింది వేరే. అంత గొడవపడి వచ్చిన తాత, ముసలామెను తీసుకురావడానికి పోయిన రోజు ఆ ఇంటి ముందు నిలబడి ఏమి అని ఉంటాడు? తప్పైందని ఆయన నోట ఎన్నడూ వినలేదు. అత్తమ్మను అడిగితే, తనకూ చెప్పలేదంది.

నా పెళ్లయ్యాక ఒకసారి అత్తమ్మతో కలిసి ఆ పల్లెకు వెళ్లాను. ముసలామె మంచం పట్టింది, మాట మాత్రం స్పష్టంగా ఉంది. పక్కన కూర్చుని అడిగాను.

"ఏమనలె బిడ్డా" అందామె. "ఎండల నడిచొచ్చి అరుగు మీద కూసున్నడు. నీళ్లడిగిండు, ఇచ్చిన. తాగినంక చానసేపు గట్లనే కూసున్నడు. ఆఖరికి నేనే అడిగిన, పిల్ల ఎట్లున్నదని."

"తాత ఏమన్నడు?"

"పాడుతున్నది, అన్నడు."